నక్కవాగు చేపలు

మా హాస్టల్లో నక్కవాగు ఒడ్డు ఊళ్ల పిల్లలం ఆరుగురం ఉన్నాం. సెలవులకు ఇంటికి పోగానే వినబడే మొదటి మాట "వాగు దిక్కు పోవద్దు బిడ్డా" అనే. మా తాతలు ఆ నీళ్లతోనే వరి పండించారట!

కాలుష్యం అంటే నురగ, కంపు అని పరీక్షలో రాస్తాం, మార్కులు పడతాయి. కంటికి కనబడనిది వేరే ఉంది. పటాన్‌చెరులో మందుల పరిశ్రమల మురుగు శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బాక్టీరియా ఇక ఆ మందుకు లొంగదు. రేపు మాకు జబ్బు చేస్తే డాక్టరు రాసేది ఆ మాత్రే కదా!

దీనికి తోడు ఎండలు ముదురుతున్నాయి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. వాన రాని ఏడు విషాన్ని పలచన చేసే నీళ్లూ ఉండవు. చేపకు ఊపిరీ అందదు, విషమూ తప్పదు. ఈ వాగు కలిసేది మంజీరలోనే.

ఈ సెలవుల్లో పెద్దవాళ్లను అడిగి, వాగులో ఒకప్పుడు దొరికిన చేపల పేర్లు రాసుకొస్తున్నాం. తమ్ముళ్లూ, మీ ఊరి చెరువు చేపల పేర్లూ రాసి ఇవ్వండి.