చీపురుకట్టతో టాంగో

జీవితమంతా టాంగోకే అర్పించిన బ్యూనస్ ఐరిస్ నర్తకి మరియా నియెవెస్ బాల్యంలో సాధన చేసినది చీపురుకట్టతోనట. హెర్మన్ క్రాల్ 2015లో తీసిన ‘అవర్ లాస్ట్ టాంగో’ అనే డాక్యుమెంటరీ ద్వారా ఈ ముచ్చట తెలిసినది మొదలు ఆ చీపురు నన్ను వదలలేదు.

టాంగో ఇద్దరి నృత్యం. ఒకరు నడిపిస్తారు, మరొకరు అనుసరిస్తారు. చీపురు నడిపించదు, అనుసరించదు. మరి దానితో ఆడి ఏమి నేర్చినట్లు? తన బరువును తానే మోయడం నేర్చినట్లని నాకు తోస్తున్నది. ఒక పాదం మీదినుండి మరొక పాదం మీదికి శరీరభారాన్ని పూర్తిగా మార్చి తొణకక నిలవడమే ఆ నృత్యంలో మూలపాఠం. పట్టుకున్న చేయి ఆసరాకు కాదు, సంభాషణకు. అందుకే విన్యాసాలకంటె ముందు నడక నేర్పుతారు. ఏళ్ళ తరబడి ఆడినవారు సైతం మరల ఆ నడకనే సాధన చేస్తారు.

రంగస్థలం సంగతి వేరు గాని, జనం కలిసి ఆడే టాంగోలో అడుగుల వరుస ముందుగా నిర్ణయమై ఉండదు. అది ఆశుకవిత్వం వంటిది. లయ ఉన్నది, నడక ఉన్నది. తరువాతి అడుగు మాత్రం ఆ క్షణాన పుట్టవలసినదే.

1940ల ప్రాంతంలో అక్కడి యువకులు మగవారిలో మగవారుగానే అభ్యాసం చేసేవారు. కొత్తగా చేరినవాడు ముందు అనుసరించే పాత్ర నేర్వాలి. నడిపించే అర్హత ఆ పిమ్మటనే. ముప్పైయేళ్ళు పద్యపాఠం చెప్పినవాడిగా ఈ పద్ధతికి నమస్కరిస్తాను. (మన ఉపాధ్యాయ శిక్షణలో కూడా కొన్నాళ్ళు వెనుకబల్ల మీద కూర్చోబెడితే ఎంత బాగుండును!)

మరియా, ఆమె జోడీ హువాన్ కార్లోస్ కోపెస్ 1985లో ‘టాంగో అర్జెంటీనో’ ప్రదర్శనతో బ్రాడ్‌వే దాకా వెళ్ళారు. పెళ్ళాడారు, విడిపోయారు. విడిపోయిన పిదప కూడా 1997 వరకు జంటగా ఆడుతూనే వచ్చారు. ప్రేమ పోయినా ఒకరి అడుగు ఒకరికి తెలుసును గదా! చిత్రంలో, తమ కథను అభినయించే యువనర్తకులకు వృద్ధురాలైన మరియా చెప్పేది అడుగుల లెక్క కాదు. తన కోపం, తన ఒంటరితనం. నేను దానిని కూడా పాఠమనే అంటాను.

మా ఇంటావిడ కాలం చేసి నాలుగేళ్ళయినది. సాయంత్రాలు వసారాలో కూర్చుని భాగవతం పైకి చదవడం నాకు అలవాటు. ఆమె అర్థం అడిగే చోట్ల ఇప్పటికీ ఆగుతాను. కాసేపటికి తరువాతి పద్యం అందుకుంటాను.