జిమ్మీ పాట వెనక లూయీ ట్రంపెట్

బ్రిస్టల్, టెనెసీ
మంగళవారం రాత్రి

బావా,

పోస్టులో వేస్తే ఉత్తరం కంటే నేనే ముందొచ్చేలా ఉన్నాను. అందుకని రాసిన కాయితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తున్నాను. నువ్వు రాసిచ్చిన రికార్డుల చీటీ జేబులో భద్రంగా ఉంది, డబ్బులకే గ్యారంటీ లేదు.

కంట్రీ రికార్డులు కొనడానికి నేరుగా నాష్‌విల్ పోవచ్చు. ముందు ఈ ఊరు చూడాలని దారి మళ్ళించాను. ఇక్కడి మెయిన్ రోడ్డు పేరు స్టేట్ స్ట్రీట్. రోడ్డు మధ్యలో ఇత్తడి బిళ్ళలు పాతారు. వాటికి ఇటు టెనెసీ, అటు వర్జీనియా. ఒక రాష్ట్రంలో కాఫీ తాగి, రోడ్డు దాటి రెండో రాష్ట్రంలో మ్యూజియం చూశాను. 1927 జూలై చివర్లో విక్టర్ రికార్డుల కంపెనీ మనిషి రాల్ఫ్ పీర్ ఈ వీధిలోనే ఒక టోపీల కంపెనీ భవనంలో మైకు పెట్టి, చుట్టుపక్కల కొండల్లోంచి వచ్చినవాళ్ళ చేత పాడించాడు. రెండు వారాలు తిరక్కుండా 76 పాటలు రికార్డయ్యాయి. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ మొదటిసారి రికార్డుకెక్కింది అక్కడే.

ఆ కాలంలో కంపెనీలు తెల్లవాళ్ళ పల్లెపాటలకి ఒక కేటలాగు, నల్లవాళ్ళ బ్లూస్‌కి, జాజ్‌కి ఇంకో కేటలాగు అచ్చేసేవి. మొదటివి ‘హిల్‌బిల్లీ’ పాటలు, రెండోవి ‘రేస్’ రికార్డులు. తయారయ్యే ఫ్యాక్టరీ ఒకటే, అమ్మే దగ్గరే వేరు చేసేవారు. 1949లో ‘బిల్‌బోర్డ్’ పత్రిక తన జాబితాలకి ‘రిథమ్ అండ్ బ్లూస్’, ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అని మర్యాదైన పేర్లు పెట్టింది. గోడకి సున్నం వేశారు తప్ప గోడని తియ్యలేదు.

పాత సామాన్ల కొట్టులో జిమ్మీ రోజర్స్ 78 ప్లేటు ఒకటి దొరికింది. అంచు కాస్త లేచిపోయింది గానీ, గాడి దాకా పోలేదు. చేతిలో పెట్టుకుంటే ఎల్పీ కంటే బరువు, జారితే రెండు ముక్కలే. ఈ ప్లేట్లలో షెల్లాక్ ఉంటుంది, అంటే లక్కే. లాడ్ బజార్‌లో గాజులు చేసే ఆ లక్కని శుద్ధిచేసి వాడేవారు. అమెరికాకి ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. రెండో ప్రపంచయుద్ధంలో సరఫరా తగ్గిపోతే, పాత ప్లేటు తెచ్చిస్తేనే కొత్తది అమ్మిన రోజులున్నాయట. దీనికి మామూలు ఎల్పీ ముల్లు పనికిరాదు, వెడల్పు ముల్లు కావాలి. నీ దగ్గరుందో లేదో చూసుకో.

అత్తయ్యకి నమస్కారాలు.

నాష్‌విల్
శుక్రవారం

బావా,

నిన్న రాత్రి నువ్వుండాల్సింది. నా క్లాస్‌మేట్ ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు కదా, వాడి ఆఫీసులో ఒకాయన ఇంట్లో నెలకోసారి రికార్డుల పిచ్చోళ్ళంతా చేరతారు. ఈమధ్య కొన్నవాటిలో ఒక జాజ్, ఒక కంట్రీ తేవాలన్నది షరతు. ఎంతకి కొన్నదీ చెప్పాలి. ఇంట్లో చెప్పిన ధర కాదు, అసలు ధర.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ హాంక్ గార్లండ్ ‘జాజ్ విండ్స్ ఫ్రమ్ ఎ న్యూ డైరెక్షన్’ తెచ్చింది. గార్లండ్ ఈ ఊరి స్టూడియోల్లో గిటారిస్టు. మన మద్రాసు సినిమా ఆర్కెస్ట్రావాళ్ళలాగా ఎవరి పాటకైనా వాయించేవాడు. ఎల్విస్‌కి వాయించాడు, ప్యాట్సీ క్లైన్‌కి వాయించాడు. ఈ రికార్డు మాత్రం అచ్చమైన జాజ్. పక్కన వైబ్రాఫోన్ వాయించిన గ్యారీ బర్టన్‌కి అప్పుడు 17 ఏళ్ళు. 1961లో రికార్డు విడుదలైంది, అదే ఏడాది కారు ప్రమాదంలో గార్లండ్ దెబ్బతిన్నాడు. మళ్ళీ స్టూడియోల్లో మునుపటిలా వాయించలేకపోయాడు. అందుకే ఈ ఒక్క ఎల్పీ కోసం ఇక్కడివాళ్ళు అంత వెతుకులాడతారు.

ప్లంబింగ్ పనిచేసే కుర్రాడొకడు సోనీ రాలిన్స్ ‘వే అవుట్ వెస్ట్’ బయటికి తీశాడు. అట్ట చూసి నవ్వొచ్చింది: ఎడారి మధ్యలో కౌబాయ్ టోపీ, నడుముకి తుపాకీ ఒర, చేతిలో శాక్సఫోన్. 1957 మార్చిలో లాస్ ఏంజిలిస్‌లో తెల్లవారుజామున మూడింటికి మొదలెట్టారట, పగలు ముగ్గురికీ తీరిక లేక. పియానో లేదు. శాక్స్, బేస్, డ్రమ్స్, అంతే. మొదటి పాటలో డ్రమ్మర్ షెల్లీ మాన్ టకటకమని గుర్రపు డెక్కల చప్పుడు మొదలెడతాడు. కౌబాయ్ సినిమాని వెక్కిరిస్తున్నాడేమో అనుకుంటాం. రాలిన్స్ అందుకున్నాక వెక్కిరింత కాదని తెలిసిపోతుంది. ఆ పాటంటే అతనికి నిజంగానే ఇష్టం.

ఇంకొకాయన బ్లూ నోట్ భక్తుడు. లీ మోర్గన్ ‘ద సైడ్‌వైండర్’ కొన్నాడు. పాట పెట్టకుండానే నన్ను దీపం దగ్గరికి పిలిచి, రికార్డుని అంచులు పట్టుకుని ఏటవాలుగా తిప్పాడు. పాట అయిపోయాక లేబుల్ దాకా ఖాళీగా ఉండే నల్లటి పట్టీ ఉంటుందే, అందులో గోటితో గీసినట్టు చిన్న చెవి ఆకారం. న్యూజెర్సీలో ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ వాళ్ళు వేసిన ‘పీ’ అక్షరమది. 1966లో బ్లూ నోట్‌ని లిబర్టీ కంపెనీ కొనేసింది. ఆ తర్వాత అచ్చయిన ప్లేట్లకి చెవి ఉండదు. పాట ఒకటే, అట్ట ఒకటే, చెవి ఉంటే ధర ఎన్నో రెట్లు. నాణ్యత అంచనాలో వీళ్ళ మర్యాద కూడా తెలుసుకో: ‘వెరీ గుడ్ ప్లస్’ అంటే పర్వాలేదని, ఉత్త ‘గుడ్’ అంటే దూరంగా ఉండమని.

రే ఛార్లెస్ 1962 ఎల్పీ ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ దగ్గరికొచ్చేసరికి వాదన లేచింది. కంట్రీ పాటలు తీసుకుని కొన్నిటికి బిగ్ బ్యాండ్, కొన్నిటికి వయొలిన్లు పెట్టి పాడాడు. దీన్ని ఏ అరలో పెట్టాలి? ఒకరు జాజ్ అన్నారు, ఒకరు సోల్ అన్నారు. టీచరమ్మ మాత్రం, ‘పాటలు రాసినవాళ్ళని అడగండి, ఎక్కడ పెట్టాలో చెప్తారు’ అంది.

అప్పుడు నా బ్రిస్టల్ ప్లేటు తీశాను. ఇంటాయన చూసి, లోపలికెళ్ళి తన దగ్గరున్న జిమ్మీ రోజర్స్ ఇంకోటి తెచ్చి పెట్టాడు: ‘బ్లూ యోడెల్ నంబర్ 9’. 1930 జూలైలో హాలీవుడ్‌లో రికార్డు చేశారు. జిమ్మీ ఒక చరణం పాడి ఆగగానే వెనక నుంచి ట్రంపెట్ వచ్చింది. వాయించింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో మీద ఆయన భార్య లిల్. లేబుల్ మీద వాళ్ళ పేర్లు లేవు. రెండు కేటలాగుల మధ్య గోడ ఆ స్టూడియో గదిలో కనిపించదు బావా, లేబుల్ మీద కనిపిస్తుంది.

నాష్‌విల్
శనివారం

బావా,

ఇవాళ రైమన్ ఆడిటోరియం చూశాను. 1892లో ప్రార్థనామందిరంగా కట్టారు, ఇప్పటికీ చర్చి బల్లలే కుర్చీలు. 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కచేరీలు ఇక్కడి నుంచే వచ్చేవి. 1970 అక్టోబరులో జానీ క్యాష్ తన టీవీ షోకి ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఈ వేదిక మీదికే పిలిచాడు. ఇద్దరూ కలిసి అదే ‘బ్లూ యోడెల్’ వినిపించారు, నలభై ఏళ్ళ తర్వాత. ఈసారి పేరు దాచే పనిలేదు. ఆ ఏడాదే ఆర్మ్‌స్ట్రాంగ్ కంట్రీ పాటల ఎల్పీ కూడా చేశాడు. మరుసటి ఏడాది జూలైలో పోయాడు.

అయితే కళాకారులకి గోడలు లేవని తీపిగా చెప్పేసి ఊరుకుంటే అన్యాయం. ఆప్రీ తొలినాళ్ళ తారల్లో డీఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి హార్మోనికా విద్వాంసుడొకడు. రేడియోలో అతను హార్మోనికా మీద పలికించే రైలు కూత వినని ఇల్లు లేదు. ఊళ్ళు తిరిగేటప్పుడు మాత్రం తోటి కళాకారులు దిగిన హోటళ్ళలో అతనికి గది ఇచ్చేవారు కాదు. 1941లో ఆప్రీ నుంచి తీసేస్తే, ఇదే ఊళ్ళో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకున్నాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2005లో, అతను పోయిన రెండు దశాబ్దాలకి. ఒక పాటలో కలిసి వాయించడం తేలికే. ఆ పాట సంపాదించిపెట్టిన పేరునీ డబ్బునీ పంచుకోవడం దగ్గరే గోడ గట్టిగా నిలబడింది. మొన్న రాత్రి ఆ గదిలో చెవి గుర్తుకి పడిన ధర విన్నప్పటి నుంచీ ఇదే ఆలోచన.

న్యూ ఆర్లియన్స్
బుధవారం

బావా,

ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఊరొచ్చాను. ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లో లూసియానా మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే రికార్డుల కొట్టుంది. పొద్దున వెళ్ళినవాణ్ణి ఆకలేసి బయటికొచ్చాను. నీ చీటీలోని విల్లీ నెల్సన్ ‘స్టార్‌డస్ట్’ తీసుకున్నాను. కంట్రీ గాయకుడు పాత జాజ్ పాటలు పాడిన 1978 ఎల్పీ, గీతలు లేవు, ధర కూడా మన అందుబాటులోనే. కొట్టు కుర్రాడు ప్లేటుని అట్టలోంచి తీసి, అట్ట వెనక విడిగా పెట్టి కట్టాడు. ప్రయాణంలో ప్లేటు అంచు తగిలి అట్ట కుట్టు చిరక్కుండా ఉంటుందట. నువ్వూ కొరియర్‌లో పంపేటప్పుడు ఇలాగే చెయ్యి.

ఇక నీ చీటీలో మొదటి పేరు, మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959 నాటి కొలంబియా ప్రింటు, లేబుల్ మీద ఆరు కళ్ళ గుర్తులున్నది, ఒకచోట చూశాను. నా రెండ్రోజుల హోటల్ ఖర్చు కంటే ఎక్కువ చెప్తున్నారు. పైగా ఆ ప్రింటులో ఒక తిరకాసుంది. రికార్డు చేసిన రోజు టేప్ మిషను కాస్త నెమ్మదిగా తిరగడంతో మొదటి వైపు మూడు పాటలూ ఉండాల్సిన శ్రుతి కంటే రవ్వంత పైన పలుకుతాయి. 1992లో గానీ దాన్ని సరిదిద్ది విడుదల చెయ్యలేదు. సరైన శ్రుతి ఉన్న కొత్త ప్రింటు పాతదాని ధరలో పదోవంతు కూడా లేదు. నీకు కావాల్సింది మైల్స్ వాయించిన శ్రుతా, ఆరు కళ్ళ లేబులా? శుక్రవారం లోపు చెప్పు. లేబులే అంటే మిగతా డబ్బు నువ్వు పంపాలి, అక్కకి కూడా నువ్వే చెప్పుకోవాలి.

నీ బావమరిది