జరగాల్సింది డబ్బా, రాడ్డు కాదు

సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో ఓ పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. మేం వెళ్లేసరికి మూడో అంతస్తు సెంట్రింగ్ పూర్తయి, పైన రాడ్ల జాలీ పరిచి ఉంది. తెల్లారితే స్లాబ్. పొద్దున్నే రెడీమిక్స్ బండ్లు వస్తాయి. ఇక ఆ సాయంత్రం ఒక్కటే ఎలక్ట్రీషియన్‌ది.

గది నాలుగు మూలల నుంచి రెండు దారాలు అడ్డంగా లాగి, అవి కలిసిన చోట చెక్క మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాడు. ఫ్యాన్ తగిలించే డబ్బా రావాల్సింది అక్కడే. సరిగ్గా ఆ గుర్తు మీదుగానే ఓ రాడ్డు పోతోంది. తలెత్తి రాడ్ల మేస్త్రీని పిలిచాడు.

"మేస్త్రీ, ఈ రాడ్ జర పక్కకు జరుపుతవా?"

"కట్టిన రాడ్ ఎట్ల జరుగుతదన్నా? నీ డబ్బానే రెండించులు అటు పెట్టుకో."

మారు మాట్లాడకుండా డబ్బానే జరిపాడు. పన్నెండడుగుల గదిలో రెండంగుళాల తేడాను కింద నిలబడి కనిపెట్టగల కళ్లు తక్కువ. అదే రాడ్డును కోసేస్తే మాత్రం స్లాబ్‌కు అక్కడ బలం తగ్గుతుంది. అంతగా కోయాల్సి వస్తే ఇంజినీర్ చూసి, అటూ ఇటూ అదనపు రాడ్లు కట్టించాలి. హ్యాక్సా చేతిలో ఉన్నవాడు ఒక్కడే తేల్చుకునే పని కాదది.

ఇంతకీ డబ్బాకూ రాడ్డుకూ ఈ పేచీ ఎందుకు? డబ్బా మూతి రేపు సీలింగ్‌లో కనపడాలి కాబట్టి అది సెంట్రింగ్ చెక్కను ఆనుకునే కూర్చోవాలి. రాడ్లేమో ఆ చెక్కకు కాస్త పైన, కవర్ బ్లాకుల మీద ఉంటాయి. మామూలు వాతావరణంలో స్లాబ్ రాడ్లకు 20 మిల్లీమీటర్ల కవరు ఉండాలనీ, రాడ్డు 12 మిల్లీమీటర్లు మించకపోతే 15 చాలనీ కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. డీప్ బాక్స్ లోతు 65 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంత లోతున్న డబ్బా మీదుగా రాడ్డు పోయే వీల్లేదు. రెండు రాడ్ల మధ్య సందులోనే అది ఒదగాలి.

పైపులతో ఇంకో తంటా. కొందరు తొందరలో వైర్లు పోయే కండ్యూట్‌ను కింది రాడ్లకూ చెక్కకూ మధ్య దూర్చేస్తారు. ఆ పైపు వెంబడే తర్వాత సీలింగ్‌లో గీత పడుతుంది. పైపు కింది రాడ్ల మీదుగానే పోవాలి. ఈ సైట్‌లో అలాగే పోతోంది. బైండింగ్ వైరుతో అడుగడుక్కీ కట్టారు కూడా. డబ్బాలో కాగితాలు కుక్కి, మూతి చెక్కకు గట్టిగా బిగించారు. లేదంటే సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకడతాయి. తర్వాత ఉలి పట్టుకుని కూర్చోవాల్సిందే.

హాల్లో సమస్య ఇంకా పెద్దది. యజమాని హాలూ డైనింగూ కలిపేయమన్నారు. గోడ పోయింది గానీ బీమ్ పోదు కదా! నడిమధ్యన షాండ్లియర్ కావాలన్న చోట బీమ్ వచ్చింది. దాని అడుగున డబ్బా పెట్టేస్తే పోలేదా అని ఆయన అడిగారు. ఇంజినీర్ ససేమిరా అన్నారు. బీమ్ నడుమ లాగుడు బలం మోసేది ఆ అడుగు రాడ్లే. చివరకు బీమ్‌కు అటొకటి, ఇటొకటి రెండు లైట్లకు ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే హాలుకు అదే బాగుంటుంది.

ఊళ్లో పాత ఇళ్ల కథ వేరు. సికింద్రాబాద్ పుట్టింది 1806లో. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైంది 1920లో. కరెంటు ఊసు లేని రోజుల్లో కట్టిన కప్పుల్లో డబ్బాకు చోటెక్కడిది? దూలాల ఇళ్లలో దూలానికే గుండ్రటి చెక్క బిగించి, దాని మీద సీలింగ్ రోజ్ పెట్టి, దూలం వెంబడే వైరు లాగేవారు. ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులున్న కప్పయితే గర్డర్ కింది అంచును పట్టుకునే క్లాంపుకు ఫ్యాన్ తగిలించేవారు. గర్డర్‌కు బెజ్జం వేయనక్కర్లేదు. లైటు ఎక్కడుండాలో కప్పే చెప్పేది, ఇంట్లోవాళ్లు సర్దుకునేవారు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకూ ఈ బాధ తెలుసు. అక్కడ కర్ర ఇళ్లు. తరచుగా 16 అంగుళాలకొక కర్ర ఉంటుంది. గది మధ్యలోనే కర్ర అడ్డొస్తే అరంగుళం లోతున్న పలుచని బాక్సును దాని అడుగున బిగిస్తారు. కర్రల మధ్య ఖాళీ వస్తే అడ్డపట్టీ వేసి దానికి బాక్సు తగిలిస్తారు. లైటు బాక్సు కనీసం 50 పౌండ్ల బరువు మోయాలనీ, ఫ్యాన్‌కైతే అందుకోసమే తయారైన బాక్సే వాడాలనీ అక్కడి ఎలక్ట్రికల్ కోడ్‌లో ఉంది. మన దగ్గర ఈ రెండో మాటనే గాలికొదిలేస్తున్నారు. ఫ్యాన్ బాక్సులో అడ్డంగా లావుపాటి రాడ్డు ఉంటుంది. దాని చేతులు స్లాబ్ రాడ్ల మీదికెక్కి కాంక్రీట్‌లో పాతుకుంటాయి. మామూలు లైటు డబ్బాకు ఆ బలం లేదు. దానికి ఫ్యాన్ వేలాడదీయడమంటే తెలిసి తెలిసి తల కింద పెట్టడమే.

ఫాల్స్ సీలింగ్‌లోనూ ఇదే పాట. జిప్సం బోర్డు పైన సుమారు 18 అంగుళాలకొక చానల్ ఉంటుంది. డౌన్‌లైట్ కోసం బోర్డు కోశాక చానల్ తగిలితే చాలామంది దాన్ని కత్తిరించి పారేస్తారు. లైట్ల డ్రాయింగ్ ముందే ఇస్తే చానళ్లే దానికి తగ్గట్టు వేసుకోవచ్చు.

చీకటి పడేముందు ఎలక్ట్రీషియన్ ప్రతి డబ్బా పక్కనా టేపు పరిచి, గోడల నుంచి దూరం తెలిసేలా ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. ఇల్లు కట్టుకునేవారు ఈ పని తప్పకుండా చేయించండి. కాంక్రీట్ పడకముందే పైపులూ డబ్బాలూ ఫొటోలు తీయించి, ఇంటి కాగితాలతో పాటు దాచుకోండి. రేపు సీలింగ్‌లో డ్రిల్ పెట్టేవాడికి పైపు ఎక్కడుందో చూపించడానికి అవే పనికొస్తాయి.