ఓడలూ మకరములూ

104వ కీర్తన మన మందిరాలలో తరచుగా చదువుతాం. కొండలు, ఊటలు, పక్షులు, కొండమేకలు, కుందేళ్ళు, సింహపు పిల్లలు అన్నీ అయిపోయిన తరువాత కీర్తనకారుడు సముద్రం దగ్గరికి వస్తాడు. 26వ వచనంలో ఓడలనూ మకరములనూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి మనిషి చేసుకున్నది, పొట్టకూటి కోసం తిరిగేది. రెండవది దేవుడు చేసినది. ఎందుకు చేశాడంటే, ఆ నీళ్ళలో ఆడుకోవడానికట! పనికీ ఆటకీ ఒకే సముద్రం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా ఇముడుతాయో ఆ వచనంలో లేదు. ఆ సంగతి మాకు 2024 జనవరిలో చిలికా సరస్సు మీద ఒక పడవలో ఎదురైంది.

మా శ్రీకాకుళం జిల్లావారికి చిలికా కొత్త కాదు. ఇచ్ఛాపురం, బరంపురం, గంజాం దాటాక రైలు కిటికీలో కుడిచేతివైపు ఆ నీళ్ళు చాలాసేపు కనబడుతూనే ఉంటాయి. వానాకాలంలో 1100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది, వేసవిలో 900 దగ్గరకు తగ్గుతుంది. సముద్రానికీ దానికీ మధ్య సన్నని ఇసుక దిబ్బ తప్ప మరేమీ లేదు. ఏళ్ళ తరబడి ఏరులు మోసుకొచ్చిన మట్టితో సముద్రపు మొగ పూడిపోయి, ఉప్పునీరు రాక, గుర్రపుడెక్క పెరిగి, చేపలు తగ్గిపోయాయి. 1990ల మధ్యలో ఏడాదికి దొరికే చేపలు, రొయ్యలు, పీతలు అన్నీ కలిపి 2000 టన్నులకు లోపే. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వించారు. 2001-02 లో అదే సరస్సు 11000 టన్నులకు పైగా ఇచ్చింది. సుమారు 2 లక్షల మంది జాలరులు దాని మీద బ్రతుకుతున్నారని గుర్తుచేసుకుంటే ఈ లెక్క విలువ తెలుస్తుంది. ఎండిన ఎముకలు లేచి నిలబడ్డ లోయ నాకు జ్ఞాపకం వచ్చింది.

డాల్ఫిన్లు మాత్రం రైలు వైపు ఒడ్డున ఎక్కువగా కనబడవు. అవతలి ఒడ్డున, మొగకు దగ్గరగా ఉన్న సాతపడా అనే ఊరి నుండి పడవ ఎక్కాలి. పూరీ నుండి సుమారు 50 కిలోమీటర్లు. పూరీలో పెంటకోట అనే జాలరి పేటలో మా మామయ్యగారి తరఫు బంధువులున్నారు. ఆ పేటలో ఎటు వెళ్ళినా తెలుగే వినబడుతుంది. మన తీరం నుండి వలలు మోసుకుని వెళ్ళి స్థిరపడిన వాళ్ళు. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే పడుకుని, తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని బయలుదేరాం. మావారు, ఇద్దరు పిల్లలు, నేను, మామయ్య.

మామయ్యకు 74 ఏళ్ళు. భావనపాడు వైపు నలభై ఏళ్ళు సముద్రం మీద బ్రతికిన మనిషి. నీళ్ళ మీదికి సరదాకి వెళ్ళడమన్నది ఆయనకు వింత. "డబ్బులిచ్చి పడవెక్కడం ఇదే మొదలమ్మా" అని బస్సులో నవ్వుతూనే ఉన్నారు.

ఈ డాల్ఫిన్ పేరు ఇరావడీ డాల్ఫిన్. బర్మాలోని పెద్ద నది పేరు పెట్టారు. మన పెద్దలు రంగం వెళ్ళి కూలిపనులు చేసిన దేశమది. అక్కడి జాలరులు పడవ అంచు మీద కర్రతో తట్టి పిలిస్తే ఈ డాల్ఫిన్లు వచ్చి చేపలను వల వైపు తోలుతాయి, వలకు దొరకక చెదిరిన చేపలను అవి తింటాయి. ఇది కట్టుకథ కాదు, నేటికీ అక్కడ కొన్ని ఊళ్ళలో ఉన్న పద్ధతి. కానీ శాస్త్రజ్ఞులు ఈ జాతిని మొదట వర్ణించింది బర్మాలో దొరికిన దానిని చూసి కాదు. 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికిన దానిని చూసి! అమరావతి శిల్పాలను తవ్వించిన వాల్టర్ ఇలియట్ దొరగారు సేకరించి పంపగా, లండనులో రిచర్డ్ ఓవెన్ 1866లో దాని వర్ణన ప్రకటించాడు. డైనోసార్ అన్న మాట పుట్టించింది కూడా ఆ ఓవెనే. ఈ ముక్క చెప్పేసరికి మా అబ్బాయికి ఉత్సాహం ఆగలేదు. "అయితే ఇది మన వైజాగ్ డాల్ఫినే కదమ్మా!" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పేరు మాత్రం నది కొట్టేసింది.

సాతపడాలో పడవలు వరుస నెంబరు ప్రకారం బయలుదేరతాయి. పొడుగాటి కర్రపడవ, పైన గుడ్డ కప్పు, వెనుక పొడవైన ఇనుప కడ్డీకి చివర పంకా బిగించిన ఇంజను. ఆ ఇంజను మోత చెప్పనలవి కాదు. కిరాయి పంచుకుందామని మరొక కుటుంబం, ముగ్గురు, మాతో ఎక్కారు. మంచివాళ్ళే. చాలా దూరం నుండి వచ్చారు, సాయంత్రం రైలుంది, తొందరలో ఉన్నారు. పడవ నడిపే ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. ఒడియా మనిషి. మామయ్యకు ఒడియా వచ్చు కనుక బయలుదేరిన అయిదు నిమిషాలకే ఇద్దరూ వలల కన్నుల గురించి మాటల్లో పడ్డారు. డాల్ఫిన్ను ఆయన "మగర" అన్నాడు. నేను చటుక్కున తలెత్తాను. మన బైబిలులో ఉన్న మకరము కాదూ ఇది? ఆయనకు మన కీర్తన తెలియదు. మనకు ఆయన సరస్సు తెలియదు. మాట మాత్రం ఒక్కటే.

ముప్పావుగంట పోయాక దూరంగా ఒకచోట ఏడెనిమిది పడవలు గుమిగూడి కనిపించాయి. మధ్యలో ఏదో నల్లగా లేచి మునిగింది. అంతే, అన్ని పడవలూ ఒక్కసారిగా అటు ఉరికాయి. అది ఇంకొకచోట లేచింది. మళ్ళీ అన్నీ అటు. కోడిపిల్ల వెనుక పిల్లలు పరుగెత్తినట్లుంది. మాతో ఉన్నాయన లేచి నిలబడి, జేబులో నుండి రెండు వందలు తీసి, "ఇంకా దగ్గరికి పోనీ, ఫొటో పడాలి" అని పడవాయనకు చూపించాడు. పడవాయన ఇంజను పెంచాడు.

అప్పుడు మామయ్య తన చోటు నుండి కదలకుండా, ఒడియాలో, నెమ్మదిగా ఏదో అన్నారు. తరువాత అర్థం చెప్పించుకున్నాను. "బాబూ, అది ఊపిరి కోసం పైకి రావాలి. మనం నెత్తి మీద నిలబడితే ఎక్కడ పీల్చుకుంటుంది? దాని పక్కన పిల్ల ఉంది, చూడు" అన్నారట.

నిజమే, పిల్ల ఉంది. తల్లి లేచిన ప్రతిసారీ, ఒక క్షణం ఆలస్యంగా, పక్కనే చిన్న బూడిదరంగు వీపు లేచేది. డాల్ఫిను చేప కాదు. మనలాగే గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది. తల్లి సుమారు 14 నెలలు మోసి ఒక్క పిల్లనే కంటుంది. చిలికా మొత్తం మీద 2020 తరువాత జరిగిన లెక్కలలో ఇవి సుమారు 150. 2017 నుండి ప్రపంచమంతటా అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉన్నాయి. వలల్లో చిక్కుకుని కొన్ని, పడవ పంకాలు తగిలి కొన్ని చచ్చిపోతున్నాయి. 150 అంటే మా సంఘంలో ఆదివారం ఆరాధనకు వచ్చేవారి కంటే తక్కువ. ఒక్కటి పోతే ఎవరు పోయారో తెలిసేటంత చిన్న సంఖ్య.

పడవాయన చప్పున ఒప్పుకోలేదు. ఆయన ఇబ్బంది ఆయనది. డాల్ఫిన్లు చూపించకపోతే యాత్రికులు ఒడ్డున దిగి గొడవపెడతారు, డబ్బు వెనక్కి ఇమ్మంటారు. సరస్సులో చేపకు వెళితే ఏ రోజు ఏమి దొరుకుతుందో తెలియదు, పడవ మీద మాత్రం వరుస వస్తే కిరాయి ఖాయం. "నేను ఆపితే మిగతా వాళ్ళు ఆపుతారా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మామయ్య వాదించలేదు. మన వైపు వలలో తాబేలు పడితే వల కోసి వదిలేసిన రోజులున్నాయని, ఆ వల నష్టం ఎవరూ ఇవ్వలేదని మాత్రం చెప్పారు. తరువాత మాతో ఉన్నాయన వైపు తిరిగి తెలుగులోనే, "బాబూ, ఆ రెండొందలు ఆగినందుకు ఇయ్యి. కొంచెం సేపు సూద్దాం" అన్నారు. మావారు హిందీలోకి మార్చి చెప్పారు.

ఆయన డబ్బు జేబులో పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది. మావారే రెండు వందలు తీసి పడవాయన చేతిలో పెట్టారు. పడవాయన గుంపుకు దూరంగా, నీరు లోతు తక్కువగా ఉన్న వైపు తీసుకువెళ్ళి, ఇంజను ఆపి, గెడ గుచ్చి పడవను నిలబెట్టాడు.

ఇంజను ఆగాక తెలిసింది నిశ్శబ్దమంటే. నీళ్ళు పడవను తట్టే చప్పుడు, ఎక్కడో బాతుల గోల. పది నిమిషాలు ఏమీ లేదు. పావుగంట ఏమీ లేదు. మా అమ్మాయి నిద్రకు జోగింది. అవతలి కుటుంబం పిల్లవాడు "వెళ్ళిపోదాం" అని మారాం చేశాడు. నిజం చెప్పాలంటే, నేను కూడా లోలోపల ప్రార్థించాను, డాల్ఫిను కోసం కాదు, మామయ్య మాట పోకూడదని.

మొదట కనబడలేదు, వినబడింది. "ఫ్హూ" అని, ముసలివాళ్ళు మెట్లెక్కి కూర్చుని విడిచే నిట్టూర్పులాంటి చప్పుడు. ఎడమవైపు, బహుశా నలభై గజాల దూరంలో. గుండ్రటి బోడితల, ముక్కు లేదు, వీపు మీద చిన్న రెక్క. లేచి, గాలి వదిలి, గాలి తీసుకుని, తొందర లేకుండా మునిగింది. సినిమాలలో సముద్రపు డాల్ఫిన్లలాగా గెంతలేదు. ఇవి సాధారణంగా గెంతవు. మళ్ళీ నిట్టూర్పు, ఈసారి కొంచెం ఇవతల. వెనుక ఇంకొకటి. దాని వీపు రెక్క మీద పాత గాటు, సగం తెగి మానిపోయింది. పడవాయన ఆ గాటు వైపు చూసి తల దించుకున్నాడు. పంకా దెబ్బే అన్నాడు మామయ్యతో.

మూడుసార్లు లేచి, మొగ వైపు వెళ్ళిపోయాయి. అంతా కలిపి రెండు నిమిషాలు. ఇంజను మోతలో ఆ ఊపిరి చప్పుడు మాకు వినబడేదే కాదు. మా అబ్బాయి ఆ రోజు నుండి ఇంట్లో అదే చప్పుడు చేసి చూపిస్తున్నాడు. అవతలి కుటుంబానికి మాత్రం సరిపోలేదు. ఫొటోలో నీళ్ళు తప్ప ఏమీ పడలేదని ఆయన ఒడ్డు చేరేదాకా అంటూనే ఉన్నాడు. ఆయన బాధ నాకు అర్థమయింది. అంత దూరం రోజూ రాలేరు కదా.

తరువాత అందరినీ తీసుకువెళ్ళినట్లే మమ్మల్నీ మొగ దగ్గరి ఇసుక దిబ్బకు తీసుకువెళ్ళారు. ఆ దిబ్బ మీద తొట్టిలో ఎర్రపీతలు చూపించేవాళ్ళు, ఆల్చిప్ప పగలగొట్టి లోపల నుండి "ముత్యం" తీసి అమ్మేవాళ్ళు ఉన్నారు. ప్రతి ఆల్చిప్పలోనూ ముత్యం దొరకడం చూస్తే, అమూల్యమైన ఒక్క ముత్యం కోసం ఉన్నదంతా అమ్ముకున్న వర్తకుడు పాపం ఇక్కడికి రాలేదు అనుకున్నాను. కొనవద్దు. రొయ్యల వేపుడు మాత్రం తినవచ్చు.

తిరుగు ప్రయాణంలో పడవాయన తనంతట తానే మాట్లాడాడు. వాళ్ళ చిన్నతనంలో సరస్సులో మొత్తం తెడ్డు, తెరచాపేనట. చీకట్లో వల వేస్తుంటే పడవ పక్కనే ఆ ఊపిరి వినబడేదట. చేప ఎటుందో దానిని బట్టి చెప్పేవారట. ఇప్పుడు ఇంజను లేనిదే వరుస ఇవ్వరు. దూరంగా నిలబడాలని ఒడ్డున బోర్డులున్నాయి, పడవలవాళ్ళకు చెప్పారు కూడా. కానీ పడవలో కూర్చున్నవాడు దగ్గరికి పొమ్మంటే, ఆ వంద రూపాయలు బోర్డు కంటే గట్టిగా మాట్లాడతాయి. ఇది ఆయన మాట, నాది కాదు.

ఈ సంగతి రాయడం, మన సంఘాల నుండి ప్రతి సంక్రాంతి సెలవులకూ పూరీ, చిలికా వైపు ఎందరో వెళుతున్నారు కనుక. వెళ్ళండి, పిల్లలను తీసుకువెళ్ళండి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు బాగుంటుంది, పక్షులు కూడా ఉంటాయి. పొద్దుటే ఎక్కండి. పడవలోని లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. ఎక్కేముందే పడవవారికి చెప్పండి, డాల్ఫిను కనబడినా కనబడకపోయినా పూర్తి కిరాయి ఇస్తామని. ఆ ఒక్క మాటతో వారి సగం తొందర పోతుంది. గుంపుగా పడవలున్న చోటికి వద్దని, దూరంగా ఇంజను ఆపమని అడగండి. ఇంజను ఆపిన పావుగంటకు డీజిలు ఖర్చు కూడా ఉండదు, వారికీ లాభమే.

మేము దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. మామయ్య పడవాయన చెయ్యి పట్టుకుని వందనం చెప్పారు. అప్పటికే అతని పడవకు మళ్ళీ వరుస వచ్చింది, కొత్తవాళ్ళు ఎనిమిది మంది గట్టు మీద నిలబడి ఉన్నారు. ఒకాయన ఫొటోలు తీసే పెద్ద పెట్టె తెచ్చుకున్నాడు. పడవాయన వాళ్ళను ఎక్కించుకుంటూ ఒడియాలో ఏదో చెబుతున్నాడు, చెయ్యి దూరంగా, పడవలు లేని వైపు చూపిస్తూ. వాళ్ళు ఏమన్నారో మాకు వినబడలేదు. ఇంజను మొదలయింది.