నానీ ఆవాజ్

పెద్దవాళ్ల ఫోటోలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. వాళ్ల ఆవాజ్ ఎన్ని ఇళ్లలో ఉంది? మా నానా ఫోటో గోడమీద ఉంది గానీ, ఆయన గొంతు ఎలా ఉండేదో మా పిల్లలకు తెలీదు. నానీ గొంతయినా మిగలాలని నీయత్ చేసుకున్నాను.

మాది ఆత్రేయపురం. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పూతరేకుల ఊరు. నానీ ఇప్పటికీ రేకులు తీస్తుంది. బోర్లించిన కుండ ముందు కూర్చుని, బిస్మిల్లా అని, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగుతుంది. సుయ్‌మంటుంది. రెప్పపాటులో రేకు చేతికొస్తుంది. ఆమె మాటలన్నీ ఆ కుండ దగ్గరే. 1986 గోదావరి వరద, తన నిఖా నాటి ముచ్చట్లు, కువైట్‌లో ఉన్న మా ఖాలా కోసం దువా. తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పమంటే మాత్రం నోరు విప్పదు.

ఫోన్ చాలదా అంటారు. చాలు. కాకపోతే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ని బాగా కుదించేస్తుంది, ఫోన్ పోతే గొంతూ పోతుంది. నా దగ్గర లినక్స్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంది. దాని నల్ల తెర మీద ఒక్క లైను టైప్ చేసి, మూలన పెట్టి నా పని నేను చూసుకోవచ్చు. నానీ దానివైపు చూడను కూడా చూడదు.

ఆ కమాండ్ పేరు ఎరికార్డ్. ఇంగ్లిష్ 'ఎ' అక్షరానికి 'రికార్డ్' అతికించి రాయాలి. వినడానికి ఎప్లే. ఒట్టి ఫైలు పేరు మాత్రమే ఇస్తే సెకనుకు 8,000 శాంపిళ్లు, 8 బిట్లే తీసుకుంటుంది. గొంతు పాత ల్యాండ్‌ఫోన్‌లో విన్నట్టుంటుంది. 'మైనస్ ఎఫ్ సీడీ' చేరిస్తే సెకనుకు 44,100 శాంపిళ్లు, 16 బిట్లు, రెండు చానెళ్లు. నిమిషానికి సుమారు 10 ఎంబీ, గంటకు 635 ఎంబీ. 'మైనస్ డీ 3600' అంటే గంట కాగానే తనే ఆగుతుంది. ముందే ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కాలి. మొదట పది సెకన్లు తీసి వినండి. గొంతు పగులుతుంటే అల్సామిక్సర్‌లో మైకు తగ్గించండి.

షోర్ తగ్గించడానికి సాక్స్ అనే ప్రోగ్రామ్ ఉంది, 1991 నాటిది. మాటల్లేని ముక్క ఒకటి చూపిస్తే 'నాయిజ్‌ప్రోఫ్' ఆ షోర్‌ని గుర్తుపడుతుంది. 'నాయిజ్‌రెడ్' దాన్ని ఫైలు మొత్తంలోంచి చాలావరకు తీసేస్తుంది. నానీ ఖామోష్‌గా ఉన్న ముక్క వెతికాను. అందులో ఫ్యాన్ చప్పుడు, కొబ్బరాకుల మంట, కుండ మీద సుయ్‌మనే మోత ఉన్నాయి. మెషీన్‌కి అదంతా షోరే.

శుభ్రం చేసిన కాపీ, అసలు ఫైలు, రెండూ ఖాలాకి పంపి ఏది బాగుందో చెప్పమన్నాను. రాత్రి ఫోన్ చేసింది.

"మొదటిది సాఫ్‌గా ఉంది బేటా. కానీ అమ్మీ ఏదో ఆసుపత్రి గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది. రెండోది వింటుంటే ఆకలేసింది."

కాబట్టి నా మాట ఇదే. సాఫ్ చేసుకోండి, కానీ కాపీనే. అసలు ఫైలు అమానత్, దాన్ని ముట్టుకోవద్దు. జాగా చాలకపోతే ఫ్లాక్‌లోకి మార్చండి. సైజు తగ్గుతుంది, శబ్దంలో ఏమీ పోదు. పేరులో తారీఖు రాసి, రెండు చోట్ల దాచండి. దాదీని మాట్లాడమని బలవంతపెట్టకండి. ఆమె ఏ పనిలో ఉంటే మాటలొస్తాయో అక్కడే పెట్టండి మైకు.