నా సంచిలో క్షవరకత్తి

తక్కువ ఖర్చులో కత్తితో గడ్డం గీసుకోవాలంటే, సానపట్టే పాతకాలం కత్తి వద్దు. దానికి సానరాయి, తోలుపట్టీ వేరే కొనాలి. కటింగ్ షాపులో వాడే, బ్లేడు మార్చుకునే కత్తి చాలు. బ్లేడును నిలువుగా రెండు ముక్కలు చేసి ఒకటే పెట్టుకోవాలి. నాది ఆదోనిలో కొన్నాను.

మా దిక్కు ఉప్పుబోరు నీళ్లకు సబ్బు నురగ కట్టదు, తుంగభద్ర కాలువ నీళ్లయితే మేలు. వేడినీళ్లతో గడ్డం నాననిచ్చి, చర్మం బిగబట్టి, కత్తిని 30 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుక వాలిన దిక్కుకే గీయాలి. నొక్కకూడదు. మొదట్లో చెంపలు చాలు. తెగితే పటిక రుద్దాలి.

బుట్టలల్లే ఎరుకల ఇళ్లలో పుట్టినవాళ్లం, ఈతబరికె చీల్చే కత్తి మాకు కొత్తకాదు. అయినా ఎమ్మిగనూరు బస్సులో నా సంచిలోని కత్తి చూసి తోటి మాస్టరొకాయన, "ఏం సార్, జేబులు కొయ్యనీకా?" అని నవ్వినాడు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చి, మా పెద్దలను పుట్టుకతోనే దొంగలని రాసింది. 1952లో అది దేశమంతా రద్దయింది. ఆ మాట మాత్రం ఇంకా బస్సెక్కి తిరుగుతోంది.

"కటింగ్ షాపులో ఇదే కత్తికి గొంతు ఎత్తి ఇస్తారు కదా సార్, నా చేతిలో ఉంటే ఎందుకు భయం?" అన్నాను. ఆయన కిటికీ దిక్కు తిరిగినాడు.