తలుపు తీశాక

అమ్మ పోయిన ఏడాదికి ఆమె పాటల పుస్తకం నా చేతికొచ్చింది. మామూలు రూళ్ళ నోటుబుక్కు. మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు. చాలావాటికి మొదటి రెండు మాటలే ఉన్నాయి, మిగతాదంతా ఆమెకి నోటికి వచ్చు కాబట్టి. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను ఆ పుస్తకం ముందు చదువురానిదానిలా కూర్చున్నాను. రాత్రిళ్ళు గది తలుపేసుకుని, గుర్తున్నంత మేరకు ఫోన్లో పాడి రికార్డు చేసుకునేదాన్ని. ఎవరికీ వినిపించలేదు. అది నా ఒక్కదాని దుఃఖం అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మిషెల్ జౌనర్ 2021లో ప్రచురించిన జ్ఞాపకాల పుస్తకం 'క్రయింగ్ ఇన్ హెచ్ మార్ట్' చదివాను. ఆమె తల్లి కొరియన్, తండ్రి అమెరికన్. పెరిగింది ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో. కూతురు సంగీతం పట్టుకు తిరగడం తల్లికి నచ్చలేదు. ఆ పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని చూసింది. కూతురు వదల్లేదు. ఫిలడెల్ఫియాలో 'లిటిల్ బిగ్ లీగ్' అనే బ్యాండ్‌లో పాడుతూనే, తనొక్కతే చేసుకునే పాటలకి 'జాపనీస్ బ్రేక్‌ఫస్ట్' అని వేరే పేరు పెట్టుకుంది. 2013 జూన్‌లో రోజుకో పాట చొప్పున నెలంతా రికార్డు చేసింది.

బ్యాండ్ ఉండగా ఈ ఒంటరి పని ఎందుకు? ఆమె కారణాలు ఆమెవి. నాకు మాత్రం నా పరిశోధన రోజులు గుర్తొచ్చాయి. పదిమందిలో ఒక ఆలోచన చెప్పాలంటే ముందు దాన్ని సమర్థించుకోవాలి. ఇంకా రూపం రాని ఆలోచనకి సమర్థన ఎక్కడినుంచి తెస్తాం? తప్పుగా పాడే స్వేచ్ఛ కోసం కూడా మనకొక గది కావాలి.

2014లో తల్లికి కాన్సర్ అని తెలిసి మిషెల్ యూజీన్ వెళ్ళి ఆమెని చూసుకుంది. ఆ అక్టోబరులోనే తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలోంచి వచ్చిన 'సైకోపాంప్' 2016లో విడుదలైంది. పోయినవారి ఆత్మలకి దారిచూపేవారిని ఆ మాటతో పిలుస్తారు. అట్టమీద తల్లి ఫోటో, చెయ్యి ముందుకి చాపి ఉంటుంది. ఇక సంగీతం చాలు, ఉద్యోగం చేసుకుందామనుకున్న మనిషికి ఆ రికార్డుతో కచేరీలకి పిలుపులొచ్చాయి. రికార్డులో పొరమీద పొర పేర్చిన పాటని వేదికమీద ఒక్క మనిషి ఎలా పాడుతుంది? గిటార్‌కి భర్త పీటర్ బ్రాడ్లీ, బేస్‌కి డెవెన్ క్రేగ్, డ్రమ్స్‌కి క్రెయిగ్ హెండ్రిక్స్ వచ్చారు. 2017లో వచ్చిన రెండో ఆల్బమ్‌కి హెండ్రిక్స్ ఆమెతోపాటు నిర్మాత కూడా. 2021లో 'జూబిలీ' నాటికి వయొలిన్లు, బాకాలు కూడా చేరాయి. ఆ ఆల్బమ్ తర్వాత 2022 గ్రామీకి రెండు నామినేషన్లు వచ్చాయి.

ఉన్న బ్యాండ్‌లో ఒక ఆడపిల్లగా చేరడం వేరు, తను కట్టుకున్న పాటలోకి నలుగుర్ని పిలవడం వేరు. రెండోదానిలో పిలుపు ఆమెది. కానీ పిలిచాక ఆ పాట ఆమె అనుకున్నట్టే ఉండదు. డ్రమ్స్ వాయించే మనిషి ఊపిరి కూడా అందులో కలుస్తుంది. ఈ రెండో సంగతి నాకు పిన్ని వల్ల తెలిసింది.

ఒక రాత్రి తలుపు కొట్టి, "ఆ చరణం అట్లా కాదే. అక్క అక్కడ ఆగేది కాదు" అంది. నాకు ఒళ్ళు మండింది. అమ్మ పాట నాకు తెలియదా? పిన్ని పాడి వినిపించింది. వరస వేరు, మాటలూ వేరు. అది అమ్మకంటే ముందు అమ్మమ్మ పాడిన పద్ధతట. స్త్రీల పాటలకి ఒక్క పాఠం ఉండదని వ్యాసాల్లో ఎన్నిసార్లు రాశానో! అదే మాట ఇంట్లో ఒప్పుకోవడానికి నెల పట్టింది. అమ్మని ఇంకొకరితో పంచుకుంటే నాకు మిగిలే అమ్మ తగ్గిపోతుందని భయం.

మిషెల్ పుస్తకం చివర్లో సియోల్‌లో కచేరీ జరుగుతుంది. అది తల్లి ఊరు. పెద్దమ్మ వింటానికి వస్తుంది. కచేరీ అయ్యాక కుర్రకారు రికార్డులు కొనుక్కుని, ఆ తల్లి ముఖాన్ని చేతుల్లో పట్టుకుని వీధుల్లోకి వెళ్ళిపోతారు. వాళ్ళలో ఒక్కరికీ ఆమె తెలియదు. అక్కడ పుస్తకం మూసి నేను చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు ఆదివారాలు పిన్ని, నేను, పక్కింటి అత్తయ్య, ఆవిడ కోడలు కూర్చుని పాడుకుంటున్నాం. కోడలిది నిజామాబాద్, ఆమె తెచ్చిన పాటలు మాకు కొత్త. గొంతులు కలవవు. అమ్మ నోటుబుక్కులో ఖాళీగా వదిలిన చోట్ల పిన్ని చెప్పిన మాటలు నేనే రాస్తున్నాను. ఆ చరణం దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. అమ్మ పాడినట్టు ఒకసారి, అమ్మమ్మ పాడినట్టు ఒకసారి, రెండుసార్లూ పాడుతున్నాం.